బండి ముక్కుకో కొక్కెం!

వెనక ట్రైలరు, లోపల పిల్లలు, తొట్టి నిండా సామాను. మరి సైకిళ్లు ఎక్కడ పెట్టాలి? అమెరికాలో క్యాంపింగ్‌కి బయల్దేరే పికప్ యజమానుల్ని వేధించే ఈ ప్రశ్నకు దొరికిన జవాబు... బండి ముందు భాగానికి బిగించే కొక్కెం. చూడ్డానికి జానెడు ఇనుప గొట్టమే. దాని వెనకున్న లెక్క తెలిస్తే అదో వరం, తెలియకపోతే కొరివితో తల గోక్కోవడమే!

శుక్రవారం సాయంత్రం. డెన్వర్ నగర శివార్లలో ఓ ఇంటి ముందు సందడిగా ఉంటుంది. పికప్ ట్రక్కు వెనక ట్రైలరు తగిలించి ఉంది. అందులోనే మంచాలు, వంటగట్టు, స్నానాలగది... చక్రాల మీద చిన్న ఇల్లన్నమాట. పికప్ తొట్టిలో మడత కుర్చీలు, జనరేటరు, నీళ్ల క్యాన్లు, ఐసు పెట్టె. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య కుక్కపిల్ల. అంతా సర్దుకున్నాక గుమ్మంలో నాలుగు సైకిళ్లు మిగిలిపోతాయి. పైకప్పు మీద కట్టాలంటే నిచ్చెన వెయ్యాలి. వెనక తగిలిద్దామంటే అక్కడ ట్రైలరుంది. వదిలేసి వెళ్దామంటే పిల్లలు ఊరుకోరు!

మే నెల ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డేతో మొదలై సెప్టెంబరు మొదటి సోమవారం నాటి లేబర్ డే దాకా అమెరికాలో క్యాంపింగ్ ఊపు మీద ఉంటుంది. ఆ రోజుల్లో ఇలాంటి దృశ్యం వేల ఇళ్ల ముందు కనిపిస్తుంది. మన వాళ్లూ ఇందుకు మినహాయింపేం కాదు. పెట్టెలో పులిహోర, కొరివికారం సర్దుకుని పిల్లా పాపలతో అడవి బాట పట్టే తెలుగు కుటుంబాలకూ ఈ సైకిళ్ల తంటా అనుభవమే. అప్పుడు గుర్తొస్తుంది... 'బండికి వెనక ఉన్నట్టే ముందు కూడా ఓ కొక్కెం ఉంటే?'

కాడి లేనిదే బండి లేదు

ఎడ్లబండికి కాడి ఎలాంటిదో పికప్‌కి హిచ్ అలాంటిది. కాడి లేకపోతే ఎద్దులది ఓ దారి, బండిది ఓ దారి. అమెరికా రైతుకి పికప్ అంటే మొదట్నుంచీ పనిముట్టే. అక్కడి రైతులు మామూలు కార్ల వెనక భాగం కోసేసి చెక్క పెట్టెలు బిగించుకుని సరుకు మోసేవాళ్లు. అది చూసిన ఫోర్డ్ సంస్థ 1925లో తన మోడల్ టి కారుకు కంపెనీలోనే తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. 1948లో ఎఫ్ సిరీస్ ట్రక్కులు వచ్చాయి. 1977 నుంచీ అమెరికాలో అత్యధికంగా అమ్ముడుపోతున్న ట్రక్కులు అవే. గడ్డి మోపులు మోసిన బండి కాలక్రమంలో కుటుంబాన్ని సెలవులకు మోసుకెళ్లే బండైంది. పొలంలో నేర్చుకున్న లాగుడు విద్యను మాత్రం మర్చిపోలేదు.

ఆ విద్యకు ఆధారం 'రిసీవర్ హిచ్'. బండి ఛాసిస్‌కి బిగించిన చదరపు ఇనుప గొట్టం అది. పికప్‌లలో ఎక్కువగా కనిపించేది రెండంగుళాల గొట్టం. ట్రైలర్ బంతి, సైకిళ్ల స్టాండు, సామాన్ల ట్రే... ఏది కావాలంటే దాని కాడను ఆ గొట్టంలోకి దూర్చి, అడ్డంగా ఉన్న కన్నంలోంచి అయిదు బై ఎనిమిది అంగుళాల మందమున్న పిన్ను పెట్టి, చివర క్లిప్పు తగిలిస్తే సరి. పని అయిపోగానే పిన్ను తీసి పక్కన పెట్టేయొచ్చు. ఈ ఏర్పాటు దశాబ్దాలుగా బండి వెనకే ఉండేది. దాన్నే ముందు బంపరు కిందికి తెస్తే అదే ఫ్రంట్ మౌంట్ హిచ్!

ఒక గొట్టం... నాలుగు పనులు

ముందు కొక్కెంతో మొదటి లాభం చెప్పుకున్నదే. వెనక ట్రైలరు ఉన్నా సైకిళ్లకో, చిన్న సామాన్లకో చోటు దొరుకుతుంది. తొట్టిలోనే బిగించుకునే గూడు లాంటి 'ట్రక్ క్యాంపర్' వాడేవాళ్లకు ఇది మరీ అవసరం. ఆ గూడు తొట్టి దాటి వెనక్కి పొడుచుకొస్తుంది. దాంతో వెనకున్న హిచ్ చేతికి అందనంత లోపలికి పోతుంది. వాళ్లకిక మిగిలేది ముందు భాగమే.

రెండోది... పడవ. చెరువు గట్టునుండే వాలు మీంచి పడవ ట్రైలర్ని నీళ్లలోకి దింపాలంటే మామూలుగా బండిని వెనక్కి నడపాలి. వెనక చక్రాలు నాచు పట్టిన తడి వాలు మీదికి వెళ్తాయి. చాలా పికప్‌లకు ఇంజిన్ శక్తి అందేది ఆ వెనక చక్రాలకే. అవి జారితే ఇక బండి పైకి రావడానికి మొరాయిస్తుంది. పొగ గొట్టం నీళ్లలో మునుగుతుందేమోనన్న బెంగ వేరే. అదే ముందు కొక్కేనికి పడవను తగిలించి తోసుకుంటూ వెళ్తే శక్తినిచ్చే చక్రాలు పైన పొడి నేల మీదే ఉంటాయి. పడవ కళ్లెదుటే ఉంటుంది.

మూడోది... ఇరుకు చోట్లో ట్రైలర్ని నిలపడం. చెట్ల మధ్య కేటాయించిన స్థలంలోకి ట్రైలర్ని వెనక్కి నడపడం అంటే కొత్తవాళ్లకు చెమటలు పడతాయి. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రైలరు కుడికి పోతుంది. మెడ వెనక్కి తిప్పి, అద్దాలు చూసుకుంటూ, 'రైట్... రైట్' అని అరిచే ఇల్లాలి మాట వింటూ నానా అవస్థా పడాలి. ముందు కొక్కేనికి తగిలిస్తే చిన్న ట్రైలర్లు ఎక్కడికి పోతున్నాయో కనిపిస్తుంటాయి. పైగా బండిలో పక్కకు తిరిగేవి ముందు చక్రాలే కాబట్టి, కొక్కేన్ని అంగుళాల లెక్కన జరపొచ్చు. ఎద్దుకు ముందు బండిని కట్టినట్టే అన్నమాట. కానీ పని జరుగుతుంది!

నాలుగోది... వించ్. బురదలో కూరుకున్న బండిని తాడు చుట్టుకుంటూ బయటికి లాగే విద్యుత్తు యంత్రమిది. దీన్ని బంపరుకు శాశ్వతంగా బిగించకుండా చిన్న ఊయల లాంటి చట్రంలో పెట్టి ముందు గొట్టంలో దూర్చుకోవచ్చు. అవసరమైతే తీసి వెనక్కి మార్చుకోవచ్చు. బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగల వించ్ ఉండాలన్నది పాతకాపులు పాటించే సూత్రం. సామానుతో కలిపి మూడు టన్నులుండే బండికి నాలుగున్నర టన్నుల వించ్ అన్నమాట. అయితే ఇలా గొట్టంలో దూర్చిన వించ్‌తో తిన్నగా ఎదురుగానే లాగాలి. బాగా పక్కకు లాగితే గొట్టం మెలితిరిగే ప్రమాదముంది. లాగేటప్పుడు తాడు మీద ఓ దుప్పటి వేసి, మనుషులంతా దూరంగా నిలబడటం తప్పనిసరి. బిగుసుకున్న ఇనుప తాడు తెగితే కొరడా కంటే దారుణంగా విసురుతుంది.

227 రాసుంటే... 313 పడుతుంది!

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మార్కెట్లో దొరికే ముందు కొక్కేల్లో చాలావాటి మీద 'నిలువు బరువు 500 పౌండ్లు' అని ఉంటుంది. అంటే 227 కిలోలు. కొన్నవాళ్లు సహజంగానే 'ఇంకేం, రెండు బస్తాల పైన మోస్తుంది' అనుకుంటారు. అది కొక్కెం బలం. బండి బలం కాదు!

తూగుడు బల్ల గుర్తుందిగా? ఒక చివర కూర్చుంటే రెండో చివర పైకి లేస్తుంది. పికప్ కూడా అంతే. ముందు ఇరుసుకి, వెనక ఇరుసుకి మధ్య దూరం సుమారు 3.7 మీటర్లు అనుకుందాం. కొక్కేనికి తగిలించిన బరువు ముందు ఇరుసుకి ఇంకా 1.4 మీటర్ల ముందు వేలాడుతుంటుంది. అక్కడ వంద కిలోలు పెడితే ముందు ఇరుసు మీద పడేది వంద కాదు... 138. ఆ అదనపు 38 కిలోలు ఎక్కడివి? వెనక ఇరుసు మీంచి లేచినవి! అంటే ముందు అంత బరువెక్కితే వెనక అంత తేలికవుతుంది. ఇదే లెక్కన కొక్కెం మీద రాసున్న 227 కిలోలూ నింపేస్తే ముందు ఇరుసుకి తగిలేది 313 కిలోలు. వెనక ఇరుసు 86 కిలోలు తేలికవుతుంది. గుంతలో పడినప్పుడు తగిలే దెబ్బ దీనికి అదనం.

రెండు మామూలు సైకిళ్లు, వాటి స్టాండు కలిపి 55 కిలోలుంటే ముందు ఇరుసు మీద పడేది 76 కిలోలు. చాలా పికప్‌లకు ఇదో లెక్క కాదు. బ్యాటరీ సైకిళ్లైతే ఒక్కోటీ పాతిక, ముప్ఫై కిలోలుంటుంది. వాటిని మోసే స్టాండూ బరువైందే కావాలి. అంతా కలిపి 95 కిలోలైతే 131 పడుతుంది. బరువైన డీజిల్ ఇంజిన్ ఉన్న బండికి ముందు ఇరుసు మీద మిగిలుండే వెసులుబాటే తక్కువ. దానికిది తోడైతే స్ప్రింగులు కుంగుతాయి, టైర్లు త్వరగా అరుగుతాయి, వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది.

మరి మన బండి ఎంత మోయగలదో తెలిసేదెలా? డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఓ చీటీ అతికించి ఉంటుంది. ముందు ఇరుసు ఎంత బరువు మోయగలదు, వెనక ఇరుసు ఎంత, మొత్తం బండి ఎంత అన్న అంకెలు అందులో ఉంటాయి. పక్కనే మరో చీటీలో మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో రాసుంటుంది. ఏళ్ల తరబడి రోజూ ఆ తలుపు తీస్తున్నా ఆ చీటీ వంక చూడనివాళ్లే ఎక్కువ.

చూశాక చెయ్యాల్సింది కాటా వేయించడం. అమెరికా హైవేల పక్కన లారీలు ఆగే చోట్ల వేబ్రిడ్జిలుంటాయి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు ఇరుసులు... మూడింటినీ విడివిడిగా తూచి చీటీ ఇస్తాయి. సెలవులకు వెళ్లే రోజు ఎలా ఉంటుందో అలాగే అందర్నీ ఎక్కించుకుని, నీళ్లూ సామానూ నింపుకుని తూచుకోవాలి. పావుగంట పని. దాంతో తేలే నిజం ఏ దుకాణదారూ చెప్పలేడు.

'వెనక ట్రైలరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది కదా, ముందు బరువు పెడితే సరిపోతుందిగా!' అని వాదించేవాళ్లూ ఉంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ట్రైలరు తన బరువులో పది నుంచి పదిహేను శాతం దాకా కొక్కెం మీద మోపుతుంది. ఆ భారాన్ని ఇరుసులన్నిటికీ పంచడానికి ప్రత్యేకమైన హిచ్‌లున్నాయి. సైకిళ్లు వాటికి ప్రత్యామ్నాయం కాదు. పైగా క్యాంపులో ట్రైలర్ని విప్పేశాక బండిలో షికారుకెళ్తే ముందు బరువు మాత్రం అలాగే ఉండిపోతుంది!

ఇదే శాతం మరో సంగతీ చెబుతుంది. 2,700 కిలోల ట్రైలరు కొక్కెం మీద మోపే బరువు 270 నుంచి 400 కిలోలు. ముందు కొక్కెం హద్దు 227 కిలోలేనాయె. కాబట్టి ఇరుకు చోట్ల ముందు నుంచి తోసే విద్య చిన్న ట్రైలర్లకే. పెద్దవాటి విషయంలో బరువే కాదు, ఎదురుగా గోడ అడ్డం పెట్టుకుని నడిపినట్టు ఉంటుంది. ఇక ముందు కొక్కేనికి ట్రైలరు తగిలించి రోడ్డెక్కే ఆలోచనే పనికిరాదు. దాని బ్రేకులకూ దీపాలకూ కరెంటు అందించే సాకెట్టు ఉండేది బండి వెనక. వెనక కొక్కెం నుంచి విప్పి ముందుకు మార్చేటప్పుడు మొట్టమొదట ట్రైలరు చక్రాల కింద దిమ్మలు పెట్టాలి. వాలు నేల మీద ఆ ఒక్క పని మరిచిపోతే ఆపడం ఎవరి తరమూ కాదు.

ఊపిరాడని ఇంజిన్

బండికి ముక్కు ఎక్కడుంది? ముందు జాలీ దగ్గర. అక్కడ్నుంచి వీచే గాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. ఏసీ, గేరుబాక్సు నూనె చల్లబడేదీ ఆ గాలితోనే. సైకిళ్లూ పెట్టెలూ తెచ్చి సరిగ్గా ఆ జాలీకి అడ్డంగా నిలబెడితే? ముక్కు మూసి మెట్లెక్కమన్నట్టే!

ఏ బండి ఎంత ట్రైలర్ని లాగగలదో తేల్చే పరీక్షలకు అమెరికాలో ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. దాని తొలి ప్రతి 2008లో వచ్చింది. ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరున్న ఎక్కుడు రోడ్డే అందుకు కొలమానం. దాని పొడవు 11.4 మైళ్లు, అంటే 18 కిలోమీటర్లకు పైమాటే. బయట ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్... అంటే మన లెక్కలో దాదాపు 38 డిగ్రీలు. ఏసీ పూర్తిగా వేసి, పూర్తి బరువు లాగుతూ బండి ఆ ఎత్తు ఎక్కాలి. అలా నెగ్గితేనే కంపెనీ తన ప్రకటనలో ఆ అంకె వేసుకుంటుంది. గమనించాల్సింది ఏమిటంటే... ఆ పరీక్షలో జాలీ ముందు నాలుగు సైకిళ్లు వేలాడవు!

డెన్వర్ నుంచి పడమరగా ఐ-70 రోడ్డు మీద కొండల్లోకి వెళ్లేవాళ్లకు ఇది పుస్తకాల్లో సంగతి కాదు. సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తులో ఉన్న నగరం నుంచి 11 వేల అడుగులు దాటిన ఐసెన్‌హోవర్ సొరంగం దాకా ఎక్కుతూనే ఉండాలి. పైకెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజిన్‌కీ, రేడియేటర్‌కీ అందేది ఆ పలచని గాలే. వెనక రెండు మూడు టన్నుల ట్రైలరు. ఇలాంటి చోట ముందున్న సామాను ఎంత తక్కువ గాలిని అడ్డుకుంటే అంత మంచిది. గాలాడేలా కడ్డీలతో చేసిన స్టాండు నయం, మూతపడిన పెట్టె చేటు. వేడిని చూపే ముల్లు మీద ఓ కన్నేసి ఉంచడం, అది పైకి పాకుతుంటే గేరు తగ్గించి నెమ్మదించడం, అవసరమైతే ఆగి సామాను వెనక్కి మార్చడం... కొండ దారిలో తెలిసినవాళ్లు చేసేది ఇదే.

కంటికి అడ్డం... చట్టానికి అడ్డం

ముందు తగిలించింది ఏదైనా డ్రైవరు చూపుకి కిందే ఉండాలి. సైకిలు హ్యాండిలు ఒక్క జానెడు పైకొచ్చినా దాని వెనక ఓ చిన్న పిల్లాడు కనిపించకుండా పోవచ్చు. హెడ్‌లైట్లకు అడ్డమొస్తే రాత్రి దారి సగమే కనిపిస్తుంది. ఈమధ్య వస్తున్న బండ్లకు ఇంకో చిక్కుంది. ముందున్న వాహనాన్ని పసిగట్టి తమంతట తామే బ్రేకు వేసే రాడార్లు, కెమెరాలు, పార్కింగ్ సెన్సర్లు చాలావరకు ముందు జాలీ, బంపర్ల దగ్గరే ఉంటాయి. వాటికి సైకిలు అడ్డమైతే ఊరికే కూతలు పెడతాయి, లేదా అవసరమైనప్పుడు పనిచెయ్యవు. ఎయిర్‌బ్యాగులకు కబురందించే సెన్సర్లూ ముందు భాగంలో ఉంటాయి. అందుకే కొత్త ఇనుము ఏది బిగించాలన్నా బండితో వచ్చిన పుస్తకంలో కంపెనీ ఏమందో ముందు చూసుకోవాలి.

చట్టాలు రాష్ట్రానికో రకం. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ముందు కూడా నంబరు ప్లేటు ఉండాల్సిందే. ఫ్లోరిడా, ఆరిజోనాల్లో అక్కర్లేదు. ప్లేటు తప్పనిసరైన చోట సైకిలు చక్రం దానికి అడ్డం రాకూడదు. టెక్సాస్‌లో సామాను బండి ముందుకు మూడడుగులకు మించి పొడుచుకు రాకూడదన్న నిబంధన ఉంది. సరదాగా మూడు రాష్ట్రాలు చుట్టొద్దామని బయల్దేరేవాళ్లు మూడింటి నిబంధనలూ చూసుకోవాలి.

పొడవు లెక్క ఎంత పని చేస్తుందో చెప్పడానికి మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కు మంచి ఉదాహరణ. అక్కడ 1933లో ప్రారంభమైన 'గోయింగ్ టు ది సన్ రోడ్' మంచు కొండల మధ్య నుంచి 6,646 అడుగుల ఎత్తున్న లోగన్ కనుమ మీదుగా సాగుతుంది. జీవితంలో ఒక్కసారైనా చూడాలని జనం తహతహలాడే దారి. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. అందుకే కీలకమైన కొండ భాగంలో 21 అడుగుల కంటే పొడవు, ఎనిమిది అడుగుల కంటే వెడల్పు ఉన్న వాహనాలను అనుమతించరు. నాలుగు తలుపుల మామూలు పికప్ ఒక్కటే 19 అడుగులు దాటుతుంది. ముందు రెండడుగుల స్టాండు తగిలిస్తే? హద్దు దాటినట్టే! వందల మైళ్లు వచ్చి, ఆఖరికి ఓ ఇనుప స్టాండు వల్ల వెనుదిరగడం కంటే బాధ ఏముంటుంది? ట్రైలర్ని క్యాంపులో విప్పి, ముందున్న స్టాండు కూడా తీసేసి వెళ్తే ఏ చింతా లేదు.

ముందు ట్రేలో ఏం పెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. ఐసు పెట్టెను అక్కడ కట్టేసి నిద్రపోతే ఎలుగుబంటికి విందు పిలుపు పంపినట్టు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో చీకటి పడ్డాక కారు లోపల కూడా తిండి పదార్థాలు ఉంచకూడదు. క్యాంపు స్థలంలోని ఇనుప పెట్టెల్లో పెట్టి తలుపు గడియ వెయ్యాలి. మసాలా పట్టించిన కోడి ముక్కల వాసన ఎలుగుకు మనకంటే ముందే తెలుస్తుంది మరి!

బిగించడం ఎలా?

అమెరికాలో మెకానిక్కు కూలి ఎక్కువ. అందుకే ఈ పనిని చాలామంది ఇంటి ముందే సొంతంగా చేసుకుంటారు. కొంచెం ఓపిక, ఓ తోడు మనిషి, సరైన పనిముట్లు ఉంటే ఓ పూటలో అయిపోయే పనే. కాకపోతే వరస తప్పకూడదు.

మొదటిది ఎంపిక. బండి మోడల్, తయారైన సంవత్సరం, రెండు చక్రాలకు శక్తా నాలుగింటికా... ఇవన్నీ చెప్పి దానికి సరిపోయే కొక్కెమే కొనాలి. ఓ ఏడాది మోడల్‌కి సరిపోయింది మరుసటి ఏడాదికి సరిపోకపోవచ్చు. కొన్ని బండ్లకు ముందు కొక్కేలు తయారే కావు. అలాంటప్పుడు 'వెల్డింగ్ చేసి ఇస్తాం' అనే మాటకు లొంగకూడదు. ఛాసిస్ ఉక్కుకి ఎక్కడపడితే అక్కడ వేడి తగిలితే ఆ చోట బలం మారిపోతుంది. మంచి కొక్కెం బండికి అంతకుముందే ఉన్న కన్నాలకు బోల్టులతో బిగుస్తుంది.

బండిని చదునైన నేల మీద ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ఇంజిన్ చల్లారనివ్వాలి. ముందు బంపరు కింద గాలిని మళ్లించే ప్లాస్టిక్ రేకు, రాళ్లు తగలకుండా ఉండే రేకు విప్పాలి. చాలా పికప్‌లకు ముందు రెండు లాగుడు కొక్కేలు ఉంటాయి. కొన్ని మోడళ్లలో వాటిని తీసి అవే కన్నాల్లో కొత్త హిచ్ బిగించాలి. బండి కూరుకుపోతే తాడు కట్టడానికి పనికొచ్చేవి ఆ కొక్కేలే. వాటిని తియ్యాల్సి వస్తే తాడు దేనికి కట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

ఛాసిస్ గొట్టం లోపలికి బోల్టు ఎక్కించడం అసలైన తిప్పలు. చెయ్యి పట్టదు. అందుకు స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ ఇస్తారు. పెద్ద కన్నంలోంచి తీగను దూర్చి, బోల్టు దిగాల్సిన కన్నంలోంచి బయటికి లాగి, రెండో చివర బోల్టు మర తిప్పి మెల్లగా లాగితే అది లోపల్నుంచి వచ్చి కూర్చుంటుంది. పూలు గుచ్చే దారంలాగే! తీగ జారిపోతే బోల్టు ఛాసిస్‌లో గలగలమంటూ మిగిలిపోతుంది. తొందరపడకూడదనేది అందుకే.

హిచ్ బరువు పాతిక కిలోల దాకా ఉండొచ్చు. ఒకరు కింద నుంచి ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు నట్టులు ఎక్కించాలి. మొదట అన్నీ చేత్తోనే, వదులుగా. గొట్టం బండికి సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకున్నాక టార్క్ రెంచితో ఒక్కోటీ బిగించాలి. ఎంత బిగించాలో సూచనల కాగితంలో అంకె ఉంటుంది. పానాకి ఇనుప గొట్టం తగిలించి బలమంతా ఉపయోగిస్తే మంచిదనుకుంటారు కొందరు. మితిమీరి బిగిస్తే బోల్టు సాగిపోతుంది, తక్కువైతే కుదుపులకు వదులవుతుంది. రెండూ ప్రమాదమే. మొదటి ప్రయాణం తర్వాత మళ్లీ ఓసారి రెంచి పెట్టి చూడటం మంచి అలవాటు.

చివరిగా విప్పిన రేకులు తిరిగి బిగించాలి. కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ రేకును కొద్దిగా కత్తిరించాల్సి వస్తుంది. గాలిని మళ్లించే ఆ రేకును 'పనికిరానిది' అని పారేస్తే ఇంజిన్ చల్లదనం మీద మరో దెబ్బ. ఇక పని లేనప్పుడు గొట్టంలో ఏదీ ఉంచకూడదు. ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప కాడ పార్కింగ్‌లో నడిచే మనిషి మోకాటికి తగులుతుంది. ఏదైనా ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన ముందు భాగాన్ని దాటి నేరుగా ఎదుటివాళ్లనే పొడుస్తుంది.

మన దగ్గర కుదురుతుందా?

పికప్‌లో షికారు మనకూ కొత్తేం కాదు. ఇసుజు సంస్థ 2016లో ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో కర్మాగారం మొదలుపెట్టింది. కుటుంబాలూ సాహస యాత్రికులూ ఇష్టపడే డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ అక్కడే తయారవుతోంది. 2022లో టయోటా హైలక్స్ కూడా వచ్చింది. అమెరికాలో కొక్కెం చూసొచ్చిన ఉత్సాహంతో ఇక్కడా ముందు బిగించేద్దామనుకుంటే మాత్రం ఆగాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందు బంపర్లకు బిగించే ఇనుప బుల్ బార్లు ఈ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. పాదచారులకూ బండిలో ఉన్నవాళ్లకూ అవి ప్రమాదమన్నది కారణం. కాబట్టి ఏ మార్పుకైనా ముందు ఆర్టీవో కార్యాలయంలోనూ, కంపెనీ సర్వీసు సెంటర్లోనూ అడిగి తెలుసుకోవాల్సిందే.

చీటీ చూశారా?

ముందు కొక్కెం చెడ్డదేం కాదు. సైకిళ్లకు చోటు చూపిస్తుంది, పడవను భయం లేకుండా నీళ్లలోకి దింపుతుంది, బురదలోంచి బయటపడేస్తుంది. కానీ బండి వెనక పెట్టిన బరువు వెనకే ఉండి మోయించుకుంటుంది. ముందు పెట్టిన బరువు అలా కాదు... ఇరుసునీ, ఇంజిన్ ఊపిరినీ, డ్రైవరు చూపునీ ఒకేసారి అడుగుతుంది. మూడూ ఇవ్వగలమని తేలాకే పిన్ను దూర్చాలి.

అందుకే, ఆ శుక్రవారం సాయంత్రం నాలుగు సైకిళ్లూ చకచకా ఎక్కించేసే ముందు ఇంటి పెద్ద చెయ్యాల్సిన పని ఒకటుంది. డ్రైవరు తలుపు తెరిచి, ఆ స్తంభం మీది చీటీ చదవాలి. లెక్క సరిపోతే నాలుగూ ఎక్కుతాయి. సరిపోకపోతే... పిల్లలవి రెండూ ఎక్కుతాయి, పెద్దవాళ్లవి ఇంట్లో ఉంటాయి. ఎటూ అడవిలో నడవడానికేగా వెళ్లేది!